ఒడ్డు మనిషికి మాట్లాడే ఫోను

ఈ దీవుల్లో, మా బాంబూఫ్లాట్‌లో చేపల పడవలున్న ప్రతి ఇంటికీ ఒక ఒడ్డు మనిషి ఉంటారు. పడవ నీళ్ళ మీద ఉన్నంతసేపూ ఫోను పట్టుకుని ఒడ్డున కూర్చోవడం ఆ మనిషి పని. ఐసు వచ్చిందో లేదో కనుక్కోవాలి, బజారులో ఆ పూట ఏ చేప అడుగుతున్నారో కనుక్కోవాలి, గాలి ఎలా ఉండబోతోందో కనుక్కోవాలి, అన్నీ పడవకి చెప్పాలి. సముద్రంలో ఇంజన్ మొరాయిస్తే సాయానికి ఎవర్ని పంపాలో చూడాలి. మా ఇంటి మూడు పడవలకీ చాలా ఏళ్ళుగా ఒడ్డు మనిషిని నేనే.

నాకు చూపు లేదు. పుట్టుకతో వచ్చింది కాదు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదువుకున్నాను, ఓడలో వచ్చే పాత వారపత్రికలు అట్ట నుంచి అట్టకి చదివేదాన్ని. పెళ్ళయిన కొత్తల్లో ముందు చీకట్లో చూపు ఆగింది, తరువాత పక్కనున్నవి కనపడటం మానేశాయి, ముప్ఫై దాటేసరికి మిగిలింది కూడా పోయింది. వైజాగ్ ఓడెక్కి మూడుసార్లు ఆసుపత్రికి వెళ్ళొచ్చాం. మూడోసారి డాక్టరుగారు మా ఆయన్ని పక్కకి పిలిచి ఏదో చెప్పారు. కళ్ళు పోయినా చెవులున్నాయి కదా, నాకు అంతా వినపడింది. ఈ మాటలు కూడా నేను చెప్తుంటే ఫోనే రాస్తోంది. తప్పులుంటే దాన్ని తిట్టండి, నన్ను కాదు.

మొదట్లో నా దగ్గరున్నది బొత్తాల ఫోను. ఐదో అంకె మీద చిన్న బొడిపె ఉండేది, దాని మీద వేలు పెడితే మిగతా అంకెలన్నీ ఎక్కడున్నాయో తెలిసిపోయేవి. ఐసు ఫ్యాక్టరీ, మెకానిక్, బజారులో చేపలు కొనేవాళ్ళు, పక్క పడవల వాళ్ళు, అందరి నంబర్లూ నాకు నోటికే. మా మత్స్యకారుల సంఘంలో ఒక గుమాస్తా ఉన్నాడు. వాతావరణం ఆఫీసు నుంచి కాగితం వచ్చిన రోజున ఆయనే ఒక్కొక్క ఒడ్డు మనిషికీ ఫోను చేసి హిందీలో చదివేవాడు. అలా హాయిగా జరిగిపోతుండగా, పోయిన చలికాలంలో ఆయన ఒక కబురు చెప్పాడు. ఇకమీదట ఫోన్లు చెయ్యడట. ముప్ఫై పడవలకీ విడివిడిగా చేసి చేసి గొంతు పోతోందట. అందరికీ కలిపి ఫోనులో ఒక గ్రూపు పెట్టాడు, ఏ కబురైనా అందులోనే వస్తుంది.

ఆ సాయంత్రం మా బావగారు మా ఇంటికి వచ్చాడు. మా ఆయనకి అన్న, మూడు పడవలకీ పెద్ద. మామూలుగా అయితే గుమ్మంలోంచే పిలిచి చెప్పి వెళ్ళిపోతాడు. ఆ రోజు లోపలికి వచ్చి కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది.

"అమ్మా, నీకు కోపం వత్తాదని తెల్సు. అయినా సెప్పాలి గదా. ఇకమీదట కబుర్లన్నీ ఆ గ్రూపులోనే వత్తాయంట. నీకేమో అగుపడదు. ఒడ్డు పని చిన్నకోడలికి అప్పగించీద్దుం."

చిన్నకోడలంటే నా తోటికోడలు, మా మరిది భార్య. నాకంటే పదేళ్ళు చిన్నది. హిందీ మీడియంలో చదువుకుంది, ఆమెకి స్మార్ట్‌ఫోను ఎప్పటినుంచో ఉంది.

"నేను సచ్చిపోయేననుకున్నావా బావా?" అన్నాను. పెద్దాయనతో అనకూడని మాటే. నోటికి గొళ్ళెం పెట్టుకోవడం నాకు చేతకాదు.

"అలాగనకు. నీ సుఖం కోసమే సెప్తన్నాను."

సుఖమట. చూపు పోయిన తరువాత అందరూ నా సుఖం కోసం ఒక్కొక్కటీ నా చేతిలోంచి తీసేసుకున్నారు. ముందు కత్తిపీట తీసుకున్నారు, తరువాత పొయ్యి. వాటిని నేను దెబ్బలాడి వెనక్కి తెచ్చుకున్నాను. చేపలమ్మడం మాత్రం పోయింది, మళ్ళీ రాలేదు. ఈ ఒడ్డు పని ఒక్కటే నాకు మిగిలిన బయటి పని. పొద్దున్నే వెళ్ళి ఐసుపెట్టెల పక్కన నా బల్ల మీద కూర్చుంటే నలుగురూ వచ్చి నన్ను అడిగి వెళ్తారు. అది కూడా పోతే నేను ఇంట్లో కూర్చుని ఎవరో పెట్టింది తినే మనిషిని అవుతాను. నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు ఏడుపు రాదు, ఒళ్ళు మండుతుంది.

"మాటాడే ఫోనుంటాది బావా. కొంటాను. గాలి తిరిగీలోపు నేర్సుకుంటాను. అప్పటికీ నా వల్ల అవకపోతే నానే తెచ్చి ఆ పని దాని సేతిలో పెడతాను."

గాలి తిరగడమంటే మే నెలలో నైరుతి గాలి మొదలవడం. అప్పటిదాకా సముద్రం మెత్తగా ఉంటుంది, హెచ్చరికలు అంతగా రావు. బావగారు "సరే, గాలి తిరిగీదాకా," అని లేచి వెళ్ళాడు. ఆయన మంచివాడే. మూడు పడవల్లో ఏడుగురు మనుషులు, వాళ్ళ ప్రాణాల లెక్క ఆయనది.

మాట్లాడే ఫోను సంగతి నాకు చెప్పింది డిగ్లీపూర్ మాస్టారు. మా ఆడపడుచుది డిగ్లీపూర్. వాళ్ళ పిల్లల బడిలో పాఠాలు చెప్పే ఈ మాస్టారికి పుట్టుకతోనే చూపు లేదు. ఆయన ఫోనులో పేపరు చదువుకుంటారని, ఉత్తరాలు రాసుకుంటారని ఆడపడుచు ఎప్పుడో చెబితే నేను నమ్మలేదు. ఇప్పుడు అవసరం వచ్చింది కాబట్టి నంబరు తీసుకుని చేశాను. ఆయన్ని నేను ఈ రోజుకీ కలవలేదు. బస్సులో పొద్దున బయల్దేరితే సాయంత్రానికి గానీ చేరలేని దూరం. కానీ నా ఫోనులో ప్రతి మూలా ఆయన చెప్పిందే.

"అమ్మా, షాపులో కెమెరా ఎంత మంచిదో, తెర ఎంత పెద్దదో చెప్తారు. మర్యాదగా వినండి, పట్టించుకోకండి," అన్నారు. "ముందు ఫోను అంచు తడమండి. వేలిముద్ర బొత్తాం చేతికి తగలాలి. చెవిలో పెట్టుకునే వైరుకి కన్నం ఉండాలి. వైరు లేనివి కొత్తగా వస్తున్నాయి, అవి మీ ఐసుపెట్టెల మధ్య పడిపోతే ఎక్కడని వెతుకుతారు?"

"నాకు రెండు చెవులూ మూసుకుంటే కుదరదు మాస్టారూ. పడవ ఇంజన్ శబ్దం వినాలి."

"ఒక చెవిలోనే పెట్టుకోండి, రెండోది సముద్రానికి వదిలెయ్యండి. ఇంక అసలు పరీక్ష. కొత్త ఫోను తెరవగానే శబ్దం పెంచే బొత్తాం, తగ్గించే బొత్తాం రెండూ కలిపి నొక్కి పట్టుకోండి. ఐదు లెక్కపెట్టండి. మాట్లాడిందా, అది మీది. మాట్లాడలేదా, ఎంత ముద్దొచ్చినా వదిలేసి రండి."

షాపుకి నాతో ఎవరొచ్చారనుకున్నారు? నా తోటికోడలే. నా పని ఎవరి చేతికి పోవాలో ఆ మనిషే నన్ను చెయ్యి పట్టుకుని అవతలి ఒడ్డు బజారుకి ఫెర్రీ ఎక్కించింది. దారిలో అడిగాను, నీకా పని ఇష్టమేనా అని.

"నాకొద్దక్కా ఆ తలనొప్పి. పడవ ఆలస్యమైతే నాకు గుండె ఆగిపోతాది. నువ్వు గట్టిదానివి. ఫోను తీస్కో, చలో," అంది.

ఆ మాటకి నాకు ఎంత ధైర్యం వచ్చిందో ఆమెకి అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

మొదటి షాపులో అమ్మేవాడు నన్ను వదిలేసి ఆమెనే అడుగుతాడు, ఆ దీదీకి ఎలాంటిది కావాలి అని. నేను ఎదురుగా నిలబడే ఉన్నాను. "అడిగేది నన్నడుగు భయ్యా, కొనేది నేను," అన్నాను హిందీలో. అప్పుడు కొంచెం గొంతు పెంచి, నాకు చెవుడు కూడా ఉందనుకున్నాడేమో, కళ్ళు లేనివాళ్ళకి బొత్తాల ఫోనే మంచిదని, అదే తీసుకోమని సలహా ఇచ్చాడు. అక్కడి నుంచి వచ్చేశాం. బయటికి వచ్చాక కూడా పది నిమిషాలు వాణ్ణి తిడుతూనే నడిచాను. తోటికోడలు నవ్వుతూనే ఉంది.

రెండో షాపు చిన్నది. యజమాని ఒక్కడే, నా వయసే ఉంటుంది గొంతుని బట్టి. నా చేతికి మూడు ఫోన్లు ఇచ్చాడు, నేను తెచ్చుకున్న డబ్బుకి వచ్చేవి. ఒకటి అద్దంలా నున్నగా ఉంది, తోటికోడలికి అదే నచ్చింది, మెరుస్తోందట. చేపల చేతుల్లోంచి అది ఒక్క రోజులో జారి పడుతుందని పక్కన పెట్టాను. ఇంకోదానికి వైరు కన్నం లేదు. మూడోది వెనకవైపు గరుకుగా ఉంది, అంచున వేలిముద్ర బొత్తాం పల్లంగా చేతికి తగిలింది, అడుగున కన్నం ఉంది.

"ఇలాంటిదే కొత్తది విప్పి ఇవ్వు భయ్యా. ఒక పరీక్ష ఉంది," అన్నాను.

డబ్బా సీలు తీస్తే వెనక్కి తీసుకోవడం కుదరదని ఆయన నసిగాడు. అసలు ఏం పరీక్ష అని అడిగాడు. ఫోను తనంతట తను మాట్లాడాలని చెప్పాను. ఆయన నమ్మలేదు. కానీ కుతూహలం కొద్దీ సీలు కోసేశాడు. నేను రెండు బొత్తాలూ నొక్కి పట్టుకుని లెక్కపెట్టాను. ఐదు దాకా అక్కర్లేకపోయింది. ఫోను గడగడా ఇంగ్లీషులో మాట్లాడటం మొదలుపెట్టింది.

"అరె, యే క్యా హో గయా," అని ఆయన నా చేతిలోంచి లాక్కుని ఎక్కడ పడితే అక్కడ నొక్కడం మొదలుపెట్టాడు. నొక్కిన చోటల్లా అది ఏదో చెబుతోంది కానీ పని చెయ్యడం లేదు. పాడైపోయిందనుకుని కంగారు పడిపోయాడు. మాట్లాడే పద్ధతిలో ఒకసారి తాకితే పేరు చెబుతుంది, రెండుసార్లు టకటకా తడితే తెరుచుకుంటుంది. మాస్టారు నాకు ఫోనులోనే పదిసార్లు చెప్పి ఉన్నారు.

"రెండుసార్లు తట్టు భయ్యా," అన్నాను. చూపున్న షాపాయనకి చూపు లేని నేను ఫోను నేర్పించాను. నేను ఇంత సంతోషపడి చాలా రోజులైంది.

కాసేపటికి ఆయన తనే తడుతున్నాడు. కళ్ళు మూసుకుని చేస్తున్నాడని తోటికోడలు నా చెవిలో చెప్పింది. తరువాత మెల్లగా అన్నాడు, వాళ్ళమ్మకి చివరి నాలుగేళ్ళు చూపు లేదట. పక్కనే ఇన్ని ఫోన్లు పెట్టుకుని కూడా ఇందులో ఇలాంటిది ఉందని తనకి తెలియలేదట. "మా కో కిసీనే బతాయా నహీ, దీదీ," అన్నాడు. అమ్మకి ఎవరూ చెప్పలేదట. ఆయన కూర్చుని ఓపిగ్గా భాష తెలుగుకి మార్చిపెట్టాడు. అది తెలుగులో మొదటి మాట పలికినప్పుడు మా చిన్నప్పటి టీచరమ్మ హాజరు పిలుస్తున్నట్టే ఉంది.

ఫోను అయింది. ఇక ప్లాను. రోజుకి సినిమాలు చూసుకునేంత డేటా ఉన్నది ఒకటి తీసుకోమన్నాడు. "సినిమా పెట్టి నేనేం చూడను భయ్యా?" అంటే ఆయనే నవ్వేశాడు. ప్లాను షాపులో తేలేది కాదులెమ్మని సిమ్ము తీసుకోకుండానే వచ్చేశాం.

మాకు ప్లాను తేలేది నీళ్ళ మీద. ఏ కంపెనీ మంచిదని ఊళ్ళో అడిగితే బజారులో బాగా వచ్చేదాని పేరు చెబుతారు. బజారులో మోగితే నాకేం లాభం? నా బల్ల కొండ మలుపులో ఉంది, పడవలు ఇంకా అవతల ఉంటాయి. అందుకని రెండు కంపెనీల సిమ్ములు ఇంట్లోవాళ్ళ దగ్గరా పక్కవాళ్ళ దగ్గరా అడిగి తెచ్చుకున్నాం. మొదటిరోజు ఒక కంపెనీవి, ఒకటి నా బొత్తాల ఫోనులో, ఒకటి మా ఆయన ఫోనులో. మర్నాడు రెండో కంపెనీవి.

మా వాళ్ళు సముద్రంలో చోటుని కొండల్ని బట్టి గుర్తుపెట్టుకుంటారు. ఈ కొండ కొస ఆ చెట్ల గుంపు మీదకి వచ్చిన చోటు ఒక గుర్తు, దీపస్తంభం కొండ చాటుకి వెళ్ళిన చోటు ఇంకో గుర్తు. మా ఆయన ప్రతి గుర్తు దగ్గరా ఇంజన్ ఆపి నాకు ఫోను చేశాడు.

"ఇనబడతందేటే?"

"ఇనబడతంది. ఏ గుర్తు?"

"దీపం దాగీ కాడ. నాను అన్నం తినీసి మళ్ళీ సేత్తాను."

"ఇప్పుడే తినీకు, ఇంకా రెండు గుర్తులున్నాయి."

మొదటి కంపెనీ రెండో గుర్తు దగ్గరే గొంతు ముక్కలైపోయింది. రెండోది బజారులో కాస్త నీరసమే అంటారు గానీ ఆఖరి గుర్తు దాకా మా ఆయన విసుక్కోవడం కూడా స్పష్టంగా వినపడింది. ఆ సిమ్మే తీసుకున్నాను. రెండు రోజుల చేపల వేట పాడుచేసుకుని, ఒక్కసారి కూడా సణక్కుండా (విసుక్కోవడం వేరు, సణగడం వేరు) ఆ పని చేసిపెట్టాడు. దానికి ఆయనకి ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదు. మా ఇళ్ళలో మొగుడికి థాంక్స్ చెబితే ఒంట్లో బాగాలేదేమోనని కంగారు పడతారు.

డేటా తక్కువున్నదే చాలన్నారు మాస్టారు. తెలుగు గొంతు ఒకసారి ఫోనులోకి దించుకుంటే చదవడానికి డేటా అక్కర్లేదట, గ్రూపు కబుర్లకి కొంచెం ఉంటే సరిపోతుందట. కాబట్టి అన్నింటికన్నా చిన్న ప్లాను. దానికి నెలంటే ఇరవై ఎనిమిది రోజులే. మాకు నెలంటే పున్నమి నుంచి పున్నమికి, పోటూ పాటూ దాన్ని బట్టే చూసుకుంటాం. ఫోను నెల దానికి ఒకటిన్నర రోజు తక్కువ. మొదటిసారి పున్నమి ఇంకా రాలేదు కదా అని ధీమాగా కూర్చుంటే ప్లాను అయిపోయి ఫోను మూగబోయింది. మాస్టారికి చెబితే నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది ఆయనకి. ఇప్పుడు పున్నమిని నమ్ముకోను, వేయించిన రోజు నుంచి లెక్కపెట్టి ఇరవై ఏడో రోజునే మళ్ళీ వేయించేస్తాను.

నేర్చుకోవడం అంత తేలికేమీ కాలేదు. రోజూ మధ్యాహ్నం బడి భోజనాల వేళ మాస్టారు నాకు అరగంట పాఠం చెప్పేవారు. ఆయన అన్నం ఎప్పుడు తినేవారో నాకు తెలియదు. తెర మీద వేలు కుడికి తోస్తే తరువాతది, ఎడమకి తోస్తే ముందుది. చెప్పడానికి రెండు ముక్కలే. నా వేలేమో ఉప్పునీళ్ళతో తడిసి ఉంటుంది, తడి వేలిని ఆ తెర పట్టించుకోదు. ఒకటి తోస్తే ఇంకోటి తెరుచుకునేది. ఒకే పొద్దుట గుమాస్తాకి ఆరుసార్లు ఫోను వెళ్ళిపోయింది. ఆయన ఆరోసారి, "దీదీ, సబ్ ఠీక్ హై?" అని భయంగా అడిగాడు. రెండుసార్లు ఫోను విసిరికొట్టబోయి ఆగాను. చివరికి తోటికోడలే ఉపాయం చెప్పింది, పడవలోవాళ్ళు ఫోన్లు పెట్టుకునే పలచటి ప్లాస్టిక్ కవరులో నాదీ పెట్టి మూతి కట్టేసింది. కవరు పైనుంచి తోస్తే తడి అంటదు. అప్పటినుంచి దారికి వచ్చింది.

ఏప్రిల్ అయ్యేసరికి గ్రూపులో గుమాస్తా రాసే చిన్న చిన్న కబుర్లు, ఐసు వచ్చిందని, ఫలానా చేపకి బజారులో గిరాకీ ఉందని, అన్నీ ఫోను నాకు చదివి వినిపిస్తోంది. నేను పడవలకి చెబుతున్నాను. బావగారు చిన్నకోడలి మాట మళ్ళీ ఎత్తలేదు. గెలిచేశాననే అనుకున్నాను.

మే నెలాఖరులో ఒక పొద్దున, పడవల్లోకి ఐసు ఎక్కిస్తున్నారు. ఫోను టింగుమంది. వేలు పెట్టాను.

"ఫోటో," అంది.

మళ్ళీ తోశాను. మళ్ళీ "ఫోటో" అంది. ముందుకీ వెనక్కీ తోశాను, దాని పక్కన ఒక్క అక్షరం కూడా లేదు. నాకు అర్థమైపోయింది. గుమాస్తా వాతావరణం కాగితాన్ని ఫోటో తీసి పెట్టాడు. రాసిన మాటలైతే నా ఫోను చదువుతుంది, బొమ్మ పెడితే దానికి కూడా నాలాగే కనపడదు. మాస్టారు చెప్పిన ఇంకో ఉపాయం ఉంది, ఫోటోలో అక్షరాల్ని వెతికి చదివించేది. అది కూడా చేశాను. వంకరగా తీసిన కాగితం, దాని మీద ముద్ర. తేదీ చదివింది, సంతకం చేసినాయన హోదా చదివింది, మధ్యలో అంతా గజిబిజి. ఈలోగా టింగు టింగుమని వరసగా వచ్చాయి. అందరూ చూశామని గుర్తుగా పెట్టే బొమ్మలు. "బొటనవేలు," అంది ఫోను. "బొటనవేలు. బొటనవేలు."

అన్ని నెలల పాఠాలు, మాస్టారి అన్నం వేళలు, మా ఆయన రెండు రోజుల వేట, తోటికోడలి తిరుగుడు, అన్నీ ఆ ఒక్క కాగితం దగ్గర ఆగిపోయాయి. నాకు చదవడం రాలేదని చెబితే ఆ క్షణమే పని పోతుంది. గాలి తిరిగేదాకా అని గడువు పెట్టింది నేనే. ఊరుకుందామనిపించింది, నిజం చెప్తున్నాను. ముప్ఫై పడవల వాళ్ళూ బొటనవేళ్ళు పెట్టారు, మా బావగారూ పెట్టాడు, అంటే అందరూ చూసుకున్నారు, ఇక నేను చెప్పేదేముంది అనుకున్నాను. ఆ మాట లోపల అనుకుంటుండగానే సిగ్గేసింది. తెలియనిది తెలిసినట్టు కూర్చునే ఒడ్డు మనిషి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

"బావా," అని పిలిచాను. "కాయితం ఫోటో వచ్చింది. నా ఫోను సదవలేకపోతంది. ఏటుందో నువ్వు సదివి సెప్పు."

"సూసేనమ్మా. వేలెట్టేను గదా."

"వేలు సరే. కాయితంలో ఏటుంది?"

ఐసు పారలు ఆగాయి.

"ఇంగ్లీసులో ఉన్నాది," అన్నాడు చివరికి. "ముద్రుంది. గాలి గురించే అయ్యుంటాది. అందరూ వేలెట్టేరు, నానూ ఎట్టేను."

పక్క పడవ బెంగాలీ భయ్యాని అడిగాను. ఆయనా అంతే. ముందు ఎవరో చూశామన్నారు కాబట్టి తనూ చూశానన్నాడు. ఆ పక్క పడవాయన ఇంకా నయం, ఫోటో తెరవనే లేదని ఒప్పుకున్నాడు. హిందీ బళ్ళలో సగం చదివి సముద్రానికి వచ్చేసిన వాళ్ళు, ఆఫీసు ఇంగ్లీషు వాళ్ళకి ఎక్కడ వస్తుంది? గుమాస్తా ఫోన్లు చేసి చదివినన్నాళ్ళూ ఆ అవసరమే రాలేదు. ఎదుటివాడు చదివే ఉంటాడని ప్రతివాడూ అనుకున్నాడు.

గుమాస్తా నంబరు నాకు నోటికి వచ్చు. చేశాను. "కాగితం నాకు చదువు భయ్యా, మొత్తం," అన్నాను. చదివాడు. మధ్యాహ్నం నుంచి గాలి పెరుగుతుంది, రెండు రోజులు పడవలు బయటికి వెళ్ళొద్దు. నేను బల్ల మీంచి లేచి నిలబడి, తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి, గొంతు చించుకుని ఆ ఒడ్డంతా వినపడేలా చెప్పాను. అప్పటికే బయల్దేరిన రెండు పడవలకి ఫోను చేసి వెనక్కి పిలిచాను. మధ్యాహ్నం గాలి వచ్చింది. ఐసుపెట్టెల మీది రేకులు లేచిపోయాయి. పడవ మునిగేంత గాలో కాదో నేను చెప్పలేను. మావాళ్ళందరూ ఇళ్ళలో ఉన్నారు.

సాయంత్రం బావగారు వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడు. "నువ్వడక్కపోతే ఎల్లిపోదుం," అన్నాడు. ఆ మాటే అని లేచి వెళ్ళాడు. నా పని ఉందో పోయిందో ఆ పూట తెలియలేదు.

మర్నాడు తోటికోడల్ని తీసుకుని సంఘానికి వెళ్ళి గుమాస్తా మీద ఎగిరాను. ఫోటో పెట్టి వదిలేస్తే ఎవడికి అర్థమవుతుంది, కాగితం పెట్టాక దాన్ని గొంతుతో కూడా చెప్పి గ్రూపులో వెయ్యి అన్నాను. నాకోసమని అడగలేదు, అడగాల్సిన అవసరం లేకపోయింది. ఆయన పాపం తప్పు ఒప్పుకున్నాడు. కానీ ఫోనుతో ఒంటరిగా మాట్లాడాలంటే తనకి నోరు పెగలదన్నాడు. తెలుగూ అంతంత మాత్రమే.

"దీదీ, మైఁ ఆప్‌కో పఢ్ దూఁగా. ఆప్ సబ్‌కో బోల్ దో," అన్నాడు. తను నాకు చదువుతాడట, అందరికీ నేను చెప్పాలట.

తరువాతి కాగితం నాలుగు రోజులకి వచ్చింది. గుమాస్తా ఫోనులో చదివాడు, నేను రెండుసార్లు చెప్పించుకుని గుర్తుపెట్టుకున్నాను. గొంతు పంపాలంటే రెండుసార్లు తట్టి రెండోసారి వేలు ఎత్తకుండా పట్టుకోవాలి. మొదటిసారి వేలు జారి నా దగ్గు ఒక్కటే వెళ్ళింది ముప్ఫై పడవలకీ. రెండోసారి కుదిరింది. తెలుగులో చెప్పాను, హిందీలో చెప్పాను, ఎప్పటినుంచి ఎప్పటిదాకా వెళ్ళకూడదో రెండుసార్లు చెప్పి వేలు తీశాను.

ఆ తరువాత నా గొంతే నాకు వినపడింది, పక్క పడవలోంచి. దాని వెనకే ఇంకో పడవలోంచి, ఆ వెనక వలలు ఆరేసే చోటు నుంచి. ఒకరి తరువాత ఒకరు ఒడ్డు పొడుగునా నన్ను వింటున్నారు. అప్పుడు ఫోను టింగుమంది. బొమ్మ కాదు, మనిషి గొంతు. "ఇన్నాం వదినా, ఎల్లం." ఇంకోటి. "సున్ లియా దీదీ." వరసగా వస్తూనే ఉన్నాయి, ఒక్కొక్కటీ పూర్తిగా విన్నాను. చివరిది మా బావగారిది. పది అడుగుల దూరంలో నిలబడి కూడా ఫోనులోనే పంపాడు.

"ఇన్నానమ్మా. మూడు పడవలూ కట్టీసేం. మళ్ళీ ఎప్పుడెల్లాలో నువ్వే సెప్పు."